పాత వ్యాను, ఆటోమేటిక్ గేర్‌బాక్సు: ఆయిల్ ఎప్పుడు, ఎంత, ఎట్ల మార్చాలె

(హన్మకొండలో వ్యాన్లున్న కుటుంబాలకు, డ్రైవర్లకు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినోళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందుగాల ఒక్క ప్రశ్న. ఇక్కడ కూసున్నోళ్లలో ఎంతమందికి ఆటోమేటిక్ వ్యాను ఉంది? చేతులు లేపుండ్రి. మంచిది. ఇప్పుడు, గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారన్న మార్పించినోళ్లు మాత్రమే చెయ్యి అట్లనే ఉంచుండ్రి. చూసిండ్రా, ఎన్ని చేతులు కిందికి దిగినయో? ఇంజన్ ఆయిల్ అందరం మారుస్తం. టైర్లు మారుస్తం, బ్రేక్ ప్యాడ్లు మారుస్తం. గేర్‌బాక్స్ కాడికి వచ్చేసరికి, "అది సీల్డ్ అన్నా, ముట్టద్దు" అంటరు. ఈ మాట మీదనే ఇయ్యాల మాట్లాడుకోవాలె.

ఇన్నోవా క్రిస్టా మన దగ్గరికి 2016లో వచ్చింది, ఆటోమేటిక్ మోడల్‌కు ఆరు గేర్లు. మొదట కొన్న బండ్లకు పదేండ్లు అయినయి. ఎర్టిగా 2018 మోడల్‌లో నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చిండ్రు, 2022 నుంచి ఆరు గేర్లది వస్తున్నది. కియా కార్నివాల్ 2020లో ఎనిమిది గేర్లతో వచ్చింది. వీటన్నిట్లో టార్క్ కన్వర్టర్ ఉంటది. నేను చెప్పేదంత ఈ రకం గురించే. ట్రైబర్‌లో ఉండే ఏఎంటీ వేరు. దాంట్లో మామూలు క్లచ్ ప్లేటు, మామూలు గేర్లే ఉంటయి, తొక్కే పని, మార్చే పని కంప్యూటర్ చేయిస్తది. సీవీటీ, అంటే గేర్లకు బదులు బెల్టుతో నడిచేది, అది వేరు. రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ వేరు. మీ బండిలో ఏది ఉందో తెల్వకపోతే బండితోని వచ్చిన బుక్కు తీసి చూడుండ్రి. చూడకుండ ఆయిల్ మాత్రం కొనొద్దు.

సరే, గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఏం చేస్తది? అరగకుండ కాపాడుతది, అది అందరికి తెలుసు. ఆటోమేటిక్‌లో అది నాలుగు పన్లల్లో ఒక్కటి మాత్రమే. రెండోది, ఇంజన్ బలాన్ని చక్రాలకు పంపేది కూడ ఆయిలే. టార్క్ కన్వర్టర్ అంటే ఆయిల్ నింపిన గుండ్రటి డబ్బా. లోపల ఒక రెక్కల చక్రం ఇంజన్‌తో తిరిగి ఆయిల్‌ను ఇంకో రెక్కల చక్రం మీదికి కొడ్తది, ఆ దెబ్బకు రెండోది తిరుగుతది. మూడోది, గేర్ మార్చేది. పంపు ఆయిల్‌కు ప్రెషర్ ఇస్తే, సోలినాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వులు, ఆ ప్రెషర్‌ను ఏ క్లచ్‌కు పంపాలో ఆ క్లచ్‌కు పంపుతయి. ఆ దార్లు సన్నటి దార్లు. నాలుగోది, వేడిని మోసుకపోయి కూలర్‌లో దింపేది.

ఇన్ని పన్లు చేసేదాన్ని ఉత్త ఆయిల్ అనుకుంటే ఎట్ల? గేర్లు, బేరింగులు ఎట్లనో ఇదీ ఒక స్పేర్ పార్టే. తేడా ఏందంటే అవి రెండు లక్షల కిలోమీటర్లు నిలబడుతయి, ఇది నిలబడదు. లోపలి క్లచ్ ప్లేట్లకు కాగితం జాతి లైనింగ్ గమ్‌తో అంటించి ఉంటది. ఆ లైనింగ్ అరిగిన పొడి ఎటు పోతది? ఆయిల్‌లోకే. బేరింగుల సన్నటి ఇనుప పొడి ఎటు పోతది? ఆయిల్‌లోకే. ఆ ఆయిల్ పోయి ఆ సన్నటి దార్లల్లనే తిరగాలె. అట్లాంటప్పుడు "లైఫ్‌టైమ్ ఆయిల్, ఎన్నడూ మార్చనక్కర లేదు" అన్నోళ్లను ఒకటి అడగాలె: ఎవరి లైఫ్? ఆయిల్‌దా, వారంటీదా, మన బండిదా?

ఇగ దీన్ని చంపేది వేడి. మంచిగ నడిచే గేర్‌బాక్స్‌లో ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్యలో ఉంటది. దానిమీద ప్రతి పది డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగం అవుతదని మోటు లెక్క. 120 దాటితే ఆయిల్ లోపల జిగురుగ, లక్క లెక్క పట్టుకుంటది, సోలినాయిడ్లు అతుక్కుంటయి. ఇంకా పెరిగితే రబ్బర్ సీళ్లు గట్టిపడ్తయి, ఆఖరికి క్లచ్ లైనింగ్ మాడుతది.

మరి వేడి ఎప్పుడు పుడ్తది? చాలామంది స్పీడ్‌కు పుడ్తదనుకుంటరు. హైదరాబాద్ రోడ్డు మీద తొంభైలో పోతుంటే గేర్‌బాక్స్‌కు సుఖమే. ఎందుకంటే ఆ స్పీడ్‌లో టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ పట్టుకుంటది, రెండు రెక్కల చక్రాలు ఒక్కటై తిరుగుతయి, జారుడు ఉండదు. మెల్లగ కదులుతూ ఆగుతూ పోయేటప్పుడు లాకప్ పడదు. ఆయిల్‌ను చిలుకుడే, చిలికినదంత వేడే. మేడారం జాతర టైమ్ యాది చేసుకోండ్రి. పస్రా దాటినంక బండికి బండి తాకుతూ గంటల తరబడి పోతం. లోపల ఎనిమిది మంది, పైన సామాను, ఏసీ ఫుల్. ఎదురుగాలి లేదు కాబట్టి రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు. గేర్‌బాక్స్‌కు అంతకంటె కష్టమైన దినం ఉండదు. ఎండకాలం రామగుండం, మంచిర్యాల దిక్కు సంగతి మీకు చెప్పనక్కర లేదు.

కంపెనీ బుక్కుల్లో కఠినమైన వాడకం అని వేరేగ రాస్తరు. ఎక్కువ బరువు, ఎక్కువ వేడి, దుమ్ము, ఆగి ఆగి నడుపుడు. మనది అచ్చంగ అదే వాడకం. అందుకనే నా లెక్క ఇది: టార్క్ కన్వర్టర్ వ్యాను అయితే 60,000 కిలోమీటర్లకు ఒకసారి, బండి ఎక్కువ తిరగకపోతే నాలుగైదు ఏండ్లకు ఒకసారి ఆయిల్ మార్చాలె. బుక్కులో అంతకంటె తక్కువ రాసి ఉంటే బుక్కు మాటే వినాలె.

వేడి గురించి ఇంకో రెండు మాటలు చెప్పి ముందుకు పోత. చాలా వ్యాన్లల్లో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపల్నే ఉంటది, లేకపోతే రేడియేటర్ నీళ్లతోని చల్లబడే కూలర్ పక్కన బిగించి ఉంటది. అంటే రేడియేటర్ బాగలేకపోతే గేర్‌బాక్స్ బాగుండదు. ఎనుమాముల మార్కెట్ దిక్కు పత్తి సీజన్‌లో తిరిగే బండ్ల రేడియేటర్ రెక్కల మధ్య దూది పేరుకుంటది. కరీంనగర్ దిక్కు గ్రానైట్ దుమ్ము. ముందు నుంచి చూస్తే కనబడదు, ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు నడుమ ఇరుక్కుంటది. ఏడాదికి ఒక్కసారన్న, ఇంజన్ దిక్కు నుంచి బయటికి, మెల్లటి నీళ్లతోని కడగాలె. వాషింగ్ సెంటర్ గన్ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగుతయి, ఉన్న గాలి దారి కూడ మూసుకపోతది.

రెండోది, బోరు నీళ్లు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోసేటోళ్లు ఎంతమంది? చేతులు లేపొద్దులే. మన బోరు నీళ్లల్లో ఉప్పు, సున్నం ఎక్కువ. కూలెంట్ పలచబడ్తది, లోపల తుప్పు, పొక్కులు. కూలర్ గోడ తూటు పడితే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి దూరుతది. నీళ్లు తాకిన లైనింగ్ గమ్ ఊడుతది, ప్లేట్లు పొరలు పొరలు లేస్తయి. ఒక్క తూటు, మొత్తం గేర్‌బాక్స్. కూలెంట్ కంపెనీ చెప్పినదే పొయ్యాలె. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్, అది బ్యాటరీ షాపులో దొరుకుతది.

నడిపేటప్పుడు ఏం చూసుకోవాలె?

డీ (ముందుకు) నుంచి ఆర్ (ఎనుకకు)కు, ఆర్ నుంచి డీకి మార్చేటప్పుడు బండి పూర్తిగ ఆగాలె. పూర్తిగ అంటున్న. పార్కింగ్‌లో తొందరపడి, బండి ఇంకా ఎనుకకు పోతుంటే డీలో వేస్తరు. ఆ కదలికను ఆపే పని బ్రేకులది, మీరు క్లచ్ ప్లేట్లతోని ఆపిస్తున్నరు.

ఎక్కుడు మీద సిగ్నల్ పడితే యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టొద్దు. చక్రం కదలదు, ఇంజన్ తోస్తనే ఉంటది, ఆ బలమంత టార్క్ కన్వర్టర్‌లో వేడి అయితది. బ్రేక్ తొక్కి పట్టుకోవాలె. చిన్న సిగ్నల్ అయితే డీలోనే ఉంచి బ్రేక్ తొక్కితే చాలు, మాటిమాటికి ఎన్ (న్యూట్రల్)కు, డీకి మార్చుడు అనవసరం. రైల్వే గేటు పడితే, పది నిమిషాల ఆగుడు అయితే, పీ (పార్కింగ్)లో పెట్టుకోండ్రి.

దిగుడు మీద డీజిల్ మిగులుతదని న్యూట్రల్‌లో వదిలేటోళ్లు ఉన్నరు. ఏం మిగలదు. డీలో కాలు తీస్తే ఇంజన్‌కు డీజిల్ ఎట్లనో ఆగుతది. తిరుమల ఘాట్, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో చిన్న గేర్ పెట్టి ఇంజన్‌తో ఆపుకుంట రావాలె.

పార్కింగ్ గురించి రాసుకోండ్రి. బ్రేక్ తొక్కి బండి ఆపాలె. ఎన్‌లో పెట్టాలె. హ్యాండ్‌బ్రేక్ లాగాలె. కాలు బ్రేక్ మెల్లగ వదిలి బండి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద కూసోనియ్యాలె. మల్ల బ్రేక్ తొక్కి, అప్పుడు పీ. పీలో బండిని పట్టుకునేది లోపల ఒక చిన్న ఇనుప కొక్కెం. రెండు టన్నుల బరువును వాలు మీద రోజూ దానికి ఒప్పజెప్పితే, పొద్దున పీ తీసేటప్పుడు టక్‌మని కొడుతది. ఆ సప్పుడు వినబడుతున్నదంటే బరువు దానిమీద పడుతున్నదన్నట్టు.

బురదలో దిగబడితే? డీ, ఆర్, డీ, ఆర్ అని ఊపుతరు, ఫుల్ యాక్సిలరేటర్. నిమిషంలో ఆయిల్ కాగిపోతది. రెండు మూడుసార్లు మెల్లగ చూడాలె, రాకపోతే దిగి చక్రాల కింద రాళ్లు, గోనె సంచులు వెయ్యాలె, లేకపోతే ట్రాక్టర్‌ను పిలవాలె.

ఆయిల్ మార్చుడు

ఇది జర నిదానంగ చెప్త, ఎందుకంటే తప్పులన్ని ఇక్కడనే జరుగుతయి.

మొదటిది, ఏ ఆయిల్. ఇన్నోవా క్రిస్టాకు టొయోటా డబ్ల్యూఎస్. దానికంటె పాత టొయోటా బండ్లకు టీ-4 ఉండేది. రెండూ చూసేటందుకు ఎర్రగనే ఉంటయి, కాని డబ్ల్యూఎస్ పలచన. కలపొద్దు. కార్నివాల్‌కు ఎస్‌పీ-4 రకం, దాంట్లో ఏదో బుక్కు చూసి కొనాలె. "ఇది అన్నిట్లకు నడుస్తది" అని డ్రమ్ములో నుంచి లూజ్ ఆయిల్ పోస్తే ఒప్పుకోవద్దు. అమెరికాలో ఉన్న పిల్లలు వీడియోలు పంపుతరు, అక్కడి వ్యాన్లవి, టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ. చూడుండ్రి, పద్ధతి తెలుస్తది. కాని వాళ్ల లీటర్ల లెక్క మన బండికి పెట్టొద్దు. ఒడిస్సీకి పోసే హోండా ఆయిల్ ఇన్నోవాకు పొయ్యొద్దు.

రెండోది, ఎంత. కింద డ్రెయిన్ నట్టు తీస్తే మొత్తం ఆయిల్ రాదు. చాంబర్‌లో, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పళ్లెంలో ఉన్నదే వస్తది, టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉన్నది అట్లనే ఉంటది. లెక్క కోసం మొత్తం తొమ్మిది లీటర్లు అనుకుందాం. ఒకసారి తీస్తే మూడు లీటర్లు వచ్చింది. మూడు కొత్తది పోసినం. ఇప్పుడు లోపల మూడో వంతే కొత్తది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మల్ల మూడు తీసి మూడు పోస్తే సగం దాటి, 56 శాతం. మూడోసారి చేస్తే 70 శాతం. అందుకనే ఎన్నడూ మార్చని బండికి ఒక్కసారి చేసి అయిపోయిందనుకోవద్దు. మూడుసార్లు చెయ్యాలె. తర్వాత ప్రతి 60,000కు ఒకటి రెండుసార్లు సరిపోతది.

మరి మిషన్ పెట్టి ఒక్కసారే అంత కడిగేయొచ్చు కదా? మంచి చరిత్ర ఉన్న బండికి, సరైన ఆయిల్‌తో, గేర్‌బాక్స్ సొంత పంపు ప్రెషర్ మీదనే నడిచే మిషన్ అయితే పర్వాలేదు. లక్షన్నర కిలోమీటర్లు ముట్టని బండికి బయటి ప్రెషర్ పెట్టి, కడిగే కెమికల్ పోస్తే, అడుగున కూసున్న మడ్డి అంత లేసి ఆ సన్నటి దార్లుండే వాల్వ్ బాడీలోకి పోతది. పాత బండికి తీసుడు-పోసుడే మంచిది.

ఇగ మెట్టు మెట్టుగ. బండిని నాలుగు చక్రాలు సమానంగ ఉండేటట్టు లేపాలె, ర్యాంపు గాని, లిఫ్ట్ గాని. ఉత్త జాకీ మీద బండి కిందికి దూరొద్దు. ఆయిల్ గోరువెచ్చగ ఉంటే చాలు. సలసల కాగుతుంటే చేతులు కాల్తయి.

ముందుగాల పోసే నట్టు విప్పాలె. డ్రెయిన్ నట్టు కాదు, పోసే నట్టు. ఎందుకు? పది ఏండ్ల నట్టు, తుప్పు పట్టి రాకపోవచ్చు. కిందిది ముందు తీసి ఆయిల్ అంత పోయినంక, పైన పోసేది రాకపోతే? బండి అక్కడనే. పైది చేతికి వచ్చిందంటే అప్పుడు కిందిది తియ్యాలె.

వచ్చిన ఆయిల్‌ను శుభ్రమైన పళ్లెంలో పట్టి, చల్లారినంక గీతలున్న సీసాల్లో పోసి కొలవాలె. వేడి మీద కొలిస్తే ఎక్కువ కనబడుతది. ఎంత వచ్చిందో అంత పొయ్యాలె. పాత ఆయిల్‌ను చూడాలె, వాసన చూడాలె. కొత్తది ఎర్రగ ఉంటది. గోధుమ రంగుకు తిరిగితే వయసు, భయం లేదు. నల్లగ, మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలుతున్నయి. గులాబీ రంగు పాలలెక్క ఉంటే నీళ్లు కలిసినయి, ఇంజన్ మల్ల స్టార్ట్ చెయ్యొద్దు.

చాంబర్ విప్పినప్పుడు లోపల అయస్కాంతాలు ఉంటయి. వాటిమీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే, తుడిచి పెట్టాలె. గోటికి తగిలే ఇనుప పెచ్చులు ఉంటే బేరింగో, గేరో పోతున్నది. ఫిల్టర్ అక్కడనే ఉంటది. కొన్నిట్లో ఇనుప జాలీ, కడిగి పెట్టొచ్చు. కొన్నిట్లో ఫెల్ట్, దాన్ని మార్చాల్సిందే. చాంబర్ తుడిచేటప్పుడు పోగులు రాలే కాటన్ వేస్ట్ వాడొద్దు, ఒక్క పోగు చాలు సన్న దారి మూసేటందుకు. కొత్త గ్యాస్కెట్ వేసినంక దానిమీద మల్ల గ్యాస్కెట్ పేస్ట్ పుయ్యొద్దు. ఎక్కువైంది లోపలికి ఉబ్బి, ఊడి, ఫిల్టర్‌కు అడ్డం పడుతది. చాంబర్ బోల్టులు చిన్నయి, పది న్యూటన్ మీటర్ల లోపలే బిగింపు ఉంటది. ఎంత బిగించినమో చూపే టార్క్ పానా పెట్టాలె, ఒకదాని ఎదురుగ ఒకటి. బలం చూపిస్తే రేకు వంగి కారుడు షురూ అయితది. డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్.

ఇప్పుడు లెవెల్. క్రిస్టా అసొంటి బండ్లకు కొలిచే పుల్ల ఉండదు. లోపల ఒక గొట్టం ఉంటది, ఆయిల్ దాని అంచు దాటితే కింది నట్టు నుంచి బయటికి వస్తది. కొలిచినంత పోసినంక ఇంజన్ స్టార్ట్ చెయ్యాలె. బ్రేక్ తొక్కి పీ నుంచి డీ దాక ఒక్కొక్క దాంట్లో కొన్ని సెకన్లు ఉంచి మల్ల పీకి తేవాలె. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి ఆయిల్ వేడి చూడాలె. టొయోటాలల్లో చాలావాటికి 40 డిగ్రీల చుట్టూనే చూస్తరు, మీ బండికి ఎంతనో బుక్కులో ఉంటది. ఇంజన్ నడుస్తుండంగనే లెవెల్ నట్టు తియ్యాలె. సన్నటి ధార వచ్చి, చుక్కలు చుక్కలు అయినప్పుడు బిగించాలె. ఏం రాకపోతే, చుక్క వచ్చేదాక పైనుంచి పొయ్యాలె.

వేడి మీద ఇంత పట్టు ఎందుకు? ఆయిల్ వేడికి ఉబ్బుతది. 80 డిగ్రీల కాడ నట్టు తీస్తే ఉబ్బినదంత కారిపోతది, తెల్లారి చల్లబడ్డంక తక్కువ అయితది, పంపు గాలి పీలుస్తది. మరీ చల్లగున్నప్పుడు నింపితే, వేడెక్కినంక ఎక్కువై గేర్లకు తాకి నురగ అయితది. నురగకు ప్రెషర్ ఉండదు, క్లచ్ జారుతది. ఎక్కువా తప్పే, తక్కువా తప్పే. వర్క్‌షాపుకు పోతే ఒక్కటే అడుగుండ్రి: "ఆయిల్ వేడి ఎంతల లెవెల్ చూస్తవు అన్నా?" స్కానర్ తీసినోని కాడ చేయించుండ్రి.

తర్వాత వారానికి ఒకసారి కిందికి వంగి, చాంబర్ అంచులు, కూలర్ పైపులు తుడిచి చూడాలె, ఎక్కడన్న ఎర్రటి చెమ్మ ఉందా అని.

"ఆయిల్ మార్చినంకనే గేర్‌బాక్స్ పోయింది" అనే మాట విని ఉంటరు. అది ఎందుకు వస్తది? గేర్ జారుడు మొదలైనంకనే మనోళ్లు ఆయిల్ గురించి ఆలోచిస్తరు. అప్పటికే లైనింగ్ అయిపోయి ఉంటది. కొత్త ఆయిల్ అరిగిన ప్లేటును పెంచలేదు. పోయేది ఎట్లైనా పోతది, పేరు ఆయిల్ మీద పడుతది. బండి మంచిగ ఉన్నప్పుడే మార్చాలె.

గుర్తులు ఎట్ల పట్టాలె? డీలో వేస్తే సెకను, సెకనున్నరలో అందుకోవాలె. పొద్దున రెండు మూడు సెకన్లు పట్టిందంటే ఆయిల్ తక్కువన్న ఉంది, సీళ్లన్న గట్టిపడ్డయి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోగుతది, బండి ఉరకదు, అంటే జారుతున్నది. అరవై ఎనభై మధ్యలో, ఒకే తీరుగ పోతుంటే గరుకు రోడ్డు మీద పోయినట్టు అదురుతున్నదా? యాక్సిలరేటర్ అట్లనే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్‌ను లైటు వెలిగేటంత మాత్రం తాకాలె, ఖాళీ రోడ్డు మీదనే సుమా. లాకప్ విడుతది. అదురు ఆగిపోతే లాకప్ క్లచ్ సంగతి, దానికి చాలాసార్లు మంచి ఆయిల్ మార్పుతోనే నయం అయితది. ఆగకపోతే ఇంజన్ దిక్కు చూడాలె. డీలో వేసినప్పుడు ధన్‌మంటే గేర్‌బాక్స్ విప్పకముందు ఇంజన్ మౌంటింగులు చూడుండ్రి. పిచ్చి పిచ్చిగ గేర్లు మారుతుంటే బ్యాటరీ, ఎర్త్ వైరు చూడుండ్రి. సోలినాయిడ్లు కరెంటు మీదనే బతుకుతయి. స్కానర్‌లో పీ0741 అనే ఫాల్ట్ కోడ్ వస్తే లాకప్ పట్టుత లేదని అర్థం. ఒక్క పీ0700 మాత్రమే చూసి గేర్‌బాక్స్ దించాలంటే ఒప్పుకోవద్దు. అది గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, పోయి చూడు అని చెప్పేది మాత్రమే.

వానల సంగతి. 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలల్లో బండ్లు ఎట్ల మునిగినయో అందరం చూసినం. గేర్‌బాక్స్‌కు పైన గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటది. వేడి గేర్‌బాక్స్ ఒక్కసారిగ నీళ్లల్ల చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టంలకెల్లి నీళ్లను గుంజుకుంటది. నీళ్లు చక్రాల సగం దాటితే బండి దించొద్దు. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూసుడు అసలే వద్దు. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం తీసి చూడాలె, పాలరంగు ఉంటే కూలర్ పైపులతో సహా ఖాళీ చేసి, ఆయిల్ ఎర్రగ వచ్చేదాక మార్చాలె.

బండి ఆగిపోతే ఆటోమేటిక్‌ను నెట్టి స్టార్ట్ చెయ్యలేం. తాడు కట్టి గుంజుకపోతం అంటరు. గేర్‌బాక్స్ పంపు తిరగాలంటే ఇంజన్ తిరగాలె. ఇంజన్ ఆగితే లోపల ఆయిల్ తిరగదు, చక్రాలు మాత్రం గేర్లను తిప్పుతనే ఉంటయి. ములుగు నుంచి వరంగల్ దాక అట్ల గుంజుకొస్తే గేర్‌బాక్స్ దార్లనే అయిపోతది. క్రిస్టా ఎనుక చక్రాల బండి, ముందు చక్రాలు లేపి గుంజినా అదే గతి. బండి మొత్తం ఎక్కే ఫ్లాట్‌బెడ్ పిలవాలె. ఇన్సూరెన్స్‌లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో ఇయ్యాల ఇంటికి పోయి చూసుకోండ్రి, ఉంటే ఫోన్ చేసినప్పుడే "ఆటోమేటిక్ బండి, ఫ్లాట్‌బెడ్ పంపుండ్రి" అని చెప్పాలె.

ఇగ మీ బండ్ల గురించి అడగుండ్రి. మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రు, ఈ మూడు చెప్పి ప్రశ్న అడగుండ్రి.